పంచుకొన్న పెద్దరికము

కాళేశ్వరము వద్ద ప్రాణహిత గోదావరిలో కలియుచున్నది. ఆ సంగమమున నిలుచుండి ఆవలి గట్టును చూచినచో కనిపించునది మహారాష్ట్రములోని సిరొంచ ప్రాంతము. అక్కడ తెలుగు మాటలాడు కుటుంబములు తరతరములుగా ఉన్నవి. సిరొంచ గడ్చిరోలి జిల్లాలోనిది. 1982లో చంద్రపూరు జిల్లా నుండి విడదీసి ఏర్పరచిన ఈ జిల్లాలో అడవి ఎక్కువ. గోండులు మొదలైన ఆదివాసుల సంఖ్యయు ఎక్కువ. ఆ జిల్లాకు ఉత్తర భాగమున, గడ్చిరోలి పట్టణము చుట్టుపట్ల ఉన్న 39 గ్రామములలో పసిబిడ్డలను బ్రతికించుటకు జరిగిన ఒక ప్రయత్నమును గురించి ఈనాడు ముచ్చటింపదలచినాను. ఏటికి ఇవతల ఉన్న మనము దానిని గురించి విన్నది స్వల్పము. అయినను ఆ ప్రయత్నము ఫలము నేడు మన పల్లెలలో బాలింత ఉన్న ఇంటి గడప వరకు వచ్చి నిలిచినది.

నాయకత్వము అనగానే మనకు వేదిక, పూలదండ, మైకు జ్ఞాపకము వచ్చును. ఇంట కాన్పు జరుగునపుడు నాయకత్వమునకు మన ఇండ్లలో వేరొక పేరు కలదు. దానిని పెద్దరికము అందురు. నా చిన్నతనమున మా పిన్నికి మా ఊరిలోనే పురుడు వచ్చినది. పురిటి గదిలో మంత్రసానిది పెద్దరికము. గది బయట మా నాయనమ్మది. వీధి అరుగు మీద, పిలిపించిన కాంపౌండరుది. ఎవరి హద్దులో వారు అధికారులు. ఒకరి మాట మరొకరు విను ఆచారము లేదు. బిడ్డ బాగుగనే పుట్టినది. మూడవనాడు, పాలు మొన్నటివలె పట్టుట లేదని పిన్ని చెప్పినదట. దిష్టి అని ఒకరు, నీళ్ళవాంఛ అని ఒకరు, ఎండ అని ఒకరు అన్నారు. ఆరవనాటికి బిడ్డ లేదు. ఆ గదిలో బిడ్డను అందరికంటె దగ్గరగా చూచుచున్న మనిషికి మాత్రము పెద్దరికము లేకపోయినదని నాకు చాల కాలమునకు గాని తోచలేదు.

గడ్చిరోలికి 1986లో ఇద్దరు వైద్యులు వచ్చినారు: అభయ్ బంగ్, రాణీ బంగ్. ఆయన వార్ధా, సేవాగ్రామముల వాతావరణములో పెరిగినవారు. తండ్రి ఠాకుర్‌దాస్ బంగ్ గాంధేయవాది, ఆర్థికశాస్త్రవేత్త. ఆమె స్త్రీల వైద్యములో నిపుణురాలు. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయములో ప్రజారోగ్యశాస్త్రమును అభ్యసించి తిరిగివచ్చిన ఈ దంపతులు 'సర్చ్' అను సంస్థను స్థాపించినారు. వారి కథను కొందరు అవతారపురుషుల కథవలె చెప్పుదురు. నాకు నచ్చినది అది కాదు. తాము మొదట చేసిన పొరపాటును వారే చెప్పుకొన్న తీరు నాకు నచ్చినది.

వచ్చిన క్రొత్తలో వారు ఆదివాసుల రక్తమును పరీక్షించి, అందులో సికిల్ సెల్ వ్యాధి కలదని కనుగొన్నారు. శాస్త్రదృష్టితో చూచినచో అది విలువగల పరిశోధన. కాని ఆదివాసులు దానికి సంతోషించలేదు. అది డాక్టర్ల కుతూహలమే గాని, తాము రాత్రింబగళ్ళు పడుచున్న బాధ కాదని వారి భావము. ఇది విన్నపుడు మా రేడియో ఉద్యోగులము కూడ కొంచెము సిగ్గుపడవలసి యున్నది. మేమును ఏండ్ల తరబడి గ్రామస్థులకు చెప్పుచునే ఉన్నాము. వారు ఏమి అడుగుచున్నారో వినుట తక్కువ. ఆ వైద్యులు అప్పటినుండి ముందుగా అడుగుట, తరువాత పని చేయుట అను పద్ధతికి మారినారు. జనుల మీద పరిశోధన కాదు, జనులతో కలిసి పరిశోధన అని వారు దీనికి పేరు పెట్టినారు.

ఆసుపత్రికి ఎందుకు రారు అని ఆదివాసులను అడిగినారు. వచ్చిన సమాధానములు ఏ వైద్య గ్రంథములోను లేవు. మీ డాక్టర్లు, నర్సులు తెల్లబట్టలు కట్టుదురు, మేము శవమునకు తెల్లబట్ట కప్పుదుము అన్నారు. రోగిని లోపలికి తీసికొని చుట్టములను బయటకు పంపుదురు అన్నారు. పెద్ద భవనములో తమకు ఊపిరి ఆడదని చెప్పినారు. అందుచేత శోధగ్రామ్ అను చోట కట్టిన ఆసుపత్రి పల్లె వలె, వేరు వేరు గుడిసెలుగా వెలసినది. రోగితో చుట్టములు ఉండుటకు చోటు ఏర్పడినది. పేరు కూడ ఆదివాసులే సూచించినారు: వారి అమ్మవారి పేరిట మా దంతేశ్వరి దవాఖానా. ఇది వట్టి మర్యాద కొరకు చేసిన పని అని నేను అనుకొనను. కట్టడము ఎట్లుండవలెనో నిర్ణయించు అధికారమును ఇంజనీరు వద్దనుండి కొంత, వైద్యుని వద్దనుండి కొంత తీసి రోగి చేతికి ఇచ్చినారు.

ఆ రోజులలో మాతాశిశు సంరక్షణ అనగా గర్భిణికి టీకా, ఇనుము బిళ్ళలు, కుటుంబ నియంత్రణ అని సర్కారు లెక్క. రాణీ బంగ్ రెండు గ్రామములలో 650 మంది స్త్రీలను పరీక్షించగా, నూటికి 92 మందికి ఏదో ఒక స్త్రీవ్యాధి ఉన్నట్లు తేలినది. అంతకుముందు అట్టి పరీక్ష జరిగినది నూటికి 8 మందికే. 1989లో లాన్సెట్ వైద్యపత్రికలో ఈ వివరములు వెలువడినవి. గర్భము లేనపుడు కూడ స్త్రీకి శరీరము కలదని, దానికి బాధలు కలవని వైద్యప్రపంచమునకు అంకెలతో చెప్పవలసి వచ్చుట వింతయే. ఆ స్త్రీలు సిగ్గు విడిచి పరీక్షకు వచ్చినారనగా, తమకు కావలసినదే ఆ వైద్యురాలు అడిగినదని వారికి నమ్మకము కలిగినదన్నమాట.

ఇక పిల్లల మాట. ఆ పల్లెలలో చిన్నబిడ్డలను ఎక్కువగా బలిగొనుచున్నది న్యుమోనియా అని తేలినది. మందు ఉన్నది, చవుకయే. కాని జబ్బును గుర్తించు మనిషి ఊరిలో లేదు. ఊరిలో ఉన్నది మంత్రసాని. ఆమెకు చదువు రాదు, లెక్క పది పన్నెండు దాటదు. బిడ్డ నిమిషమునకు ఎన్ని శ్వాసలు తీయుచున్నదో లెక్కించుట ఆమెకు ఎట్లు? అందుకు వారు కల్పించిన పరికరమును గురించి నేను చదివినపుడు, పూర్వము మన వీధిబడులలో ఉండెడి పూసల చట్టము కండ్లకు కట్టినది. ఒక చెక్కకు ఇసుక గడియారము. అది కారిపోవుటకు ఒక నిమిషము. ప్రక్కన రెండు వరుసల పూసలు. బిడ్డ పది శ్వాసలు తీసినచో ఒక పూసను జరుపవలెను. రెండు నెలల లోపు బిడ్డకు ఒక వరుస: ఐదు పచ్చ పూసలు, ఆరవది ఎరుపు. అంతకు మించిన బిడ్డకు మరొక వరుస: నాలుగు పచ్చనివి, ఐదవది ఎరుపు. ఇసుక ఇంకను కారుచుండగానే ఎర్రపూస కదిలినచో అది న్యుమోనియా, మందు ఇవ్వవలెను. పది వరకు లెక్క వచ్చిన చాలును.

మంత్రసానిని వెక్కిరించుట చదువుకొన్న మనకు అలవాటు. ఆమె మురికి కత్తిని, ఆమె పాతగుడ్డను గురించి నేను కూడ ప్రసంగములు చదివించినాను. ఇక్కడ జరిగినది వేరు. ఆమెకు తెలియనిదేమో చూచి, దానిని పూసలుగా మార్చి ఆమె చేతికి ఇచ్చినారు. ఆమెకు తెలిసినదానిని, అనగా ఆ ఇంటివారి నమ్మకమును, తాము ఎరువు తెచ్చుకొన్నారు. ఈ పద్ధతి వలన న్యుమోనియా మరణములు సగమునకు పైగా తగ్గినవని 1990లో ప్రకటించినారు.

అయినను పుట్టిన మొదటి నెల మాత్రము లొంగలేదు. 28 దినముల లోపు బిడ్డలు వేయికి 62 మంది వంతున చనిపోవుచునే ఉన్నారు. పుట్టగానే ఊపిరి అందకపోవుట, నెలలు నిండక తక్కువ బరువుతో పుట్టుట, ఒళ్ళు చల్లబడుట, వీటన్నిటికంటె ముఖ్యముగా సెప్సిస్ అను రక్తదోషము. వీటికి చికిత్స పెద్దాసుపత్రిలో గాని జరుగరాదని శాస్త్రము. పెద్దాసుపత్రికి బిడ్డను తీసికొనిపోవుట అసంభవమని ఆ తల్లుల అనుభవము. పురిటి మైల, వాగులు, దూరము, ఖర్చు, పరాయి చోటి భయము, ఎన్నో అడ్డము.

1993 నుండి రెండు సంవత్సరములు 39 గ్రామములలో జననములను, మరణములను శ్రద్ధగా లెక్కించినారు. పోల్చి చూచుటకు మరి 47 గ్రామములను తీసికొన్నారు. 1995లో, 39 గ్రామములలో ఊరికి ఒక స్త్రీని ఆరోగ్య కార్యకర్తగా తీసికొని శిక్షణ ఇచ్చినారు. ఐదు మొదలు పది తరగతుల వరకు చదివిన గృహిణులు వారు. కాన్పు సమయమున మంత్రసానితో పాటు ఈమె కూడ ఉండును. మంత్రసాని తల్లిని చూచును, ఈమె బిడ్డను చూచును. పుట్టగానే ఏడువని బిడ్డకు ఊపిరి పట్టించును, తూచును, పొత్తిళ్ళలో వెచ్చగా చుట్టును, ముర్రుపాలు పిండి పారబోయకుండ వెంటనే పట్టించును. నెల తిరుగు లోపల ఆ ఇంటికి అనేక పర్యాయములు పోవును. పదునైదు దినముల కొకసారి పర్యవేక్షకులు వచ్చి ఆమె వ్రాసిన పుస్తకమును, ఆ బిడ్డను సరిచూచుదురు.

సెప్సిస్‌ను గుర్తించుటకు ప్రయోగశాల లేదు. అందుకు కొన్ని గుర్తులు ఏర్పరచినారు. బాగుగా ఏడ్చిన బిడ్డ ఏడుపు సన్నగిల్లుట. బాగుగా పాలు కుడిచిన బిడ్డ కుడుచుట తగ్గుట. చురుకుగా ఉన్న బిడ్డ మగతగా పడియుండుట. ఒళ్ళు మరీ వేడిగా గాని మరీ చల్లగా గాని ఉండుట. బొడ్డు వద్ద గాని చర్మము మీద గాని చీము. కడుపుబ్బరము, వాంతులు, విరేచనములు. మూలుగుట, డొక్కలు ఎగురవేయుట. వీటిలో రెండు ఒకేసారి కనిపించినచో మందు ఇవ్వవలెను. శ్రోతలు ఒక్క విషయము గమనింపవలెను. మొదటి మూడును నిన్నటికి, నేటికి గల భేదములు. నిన్న ఎట్లు కుడిచినది, నేడు ఎట్లు కుడుచుచున్నది? ఏ వైద్యుడును, ఏ యంత్రమును దీనిని చెప్పజాలదు. తల్లి చెప్పవలెను. ఇంతకాలము పురిటి గదిలో ఎవరి మాటకును లెక్కలేని మనిషి మాట ఇక్కడ వైద్యశాస్త్రములో ఒక లక్షణముగా చేరినది.

మందు అనగా జెంటామైసిన్ సూది, దానితో పాటు నోటి ద్వారా ఇచ్చు మరొక మందు. ఏడెనిమిది తరగతులు చదివిన ఒక గ్రామస్త్రీ, పది దినముల బిడ్డ తొడకు సూది వేయుట! వైద్యులలో చాలమంది దీనిని వ్యతిరేకించినారు. ఆ వ్యతిరేకత అంతయు స్వార్థమని నేను చెప్పను. మోతాదు తప్పినచో ఏమగును, సూదిచోట చీము పట్టినచో ఎవరు బాధ్యులు అను ప్రశ్నలు న్యాయమైనవే. మొదట చదివినపుడు నాకును గుండె జల్లుమన్నది. కాని ఎదుటి ప్రశ్నను కూడ అడుగవలెను: ఆ సూది ఆమె వేయకున్నచో మరెవరు వేయుదురు? ఆమె మొదట బిడ్డను ఆసుపత్రికి తీసికొనిపొమ్మనియే చెప్పవలెను. తలిదండ్రులు పోలేమన్నపుడు వారి వ్రాతపూర్వకమైన సమ్మతి తీసికొని ఇంట చికిత్స చేయవలెను. పోల్చి చూచుటకు ఉంచిన 47 గ్రామములకు మామూలు సర్కారు వైద్యము మాత్రమే అందుచుండెడిది. ఆ గ్రామముల తల్లులను తలచినచో నాకు మనస్సు కొంచెము కలతగనే ఉండును; పోల్చి చూపనిదే లోకము నమ్మదు అనునది నిజమైనను సరే.

లోకము నమ్మినది. 1999 డిసెంబరులో లాన్సెట్ ఈ ఫలితములను ప్రచురించినది. మూడవ సంవత్సరము నాటికి 39 గ్రామములలో మొదటి నెల మరణములు వేయికి 62 నుండి సుమారు 25కు దిగినవి. పోల్చి చూచిన గ్రామములలో అట్టి తగ్గుదల లేదు. సెప్సిస్ సోకిన బిడ్డలలో పూర్వము నూటికి 16 మందికి పైగా చనిపోవుచుండగా, ఆ తరువాత ముగ్గురికి లోపు. బిడ్డ ఒక్కింటికి అయిన ఖర్చు ఐదు డాలర్లకు కొంచెము పైన. ఈ లెక్కలలో 18 మంది బిడ్డలకు సేవ చేసినచో అందులో ఒక ప్రాణము నిలిచినదని తేల్చినారు. 2009లో ప్రపంచ ఆరోగ్య సంస్థయు, యునిసెఫ్‌యు కలిసి పసిబిడ్డల ఇంటికి పోయి చూచుట అవసరమని ప్రకటించినవి. 2011లో మన కేంద్ర ప్రభుత్వము దీనిని ఆశా కార్యకర్తల విధిగా చేసినది. ఆసుపత్రిలో పుట్టిన బిడ్డ ఇంటికి 3, 7, 14, 21, 28, 42వ దినములలో ఆమె పోవలెను. ఇంట పుట్టినచో మొదటి దినమున కూడ పోవలెను.

మన రెండు రాష్ట్రములలోను నేడు ఇంటి కాన్పులు దాదాపు లేవు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము నూటికి 96, 97 కాన్పులు ఆసుపత్రులలోనే. మరి ఈ ఇంటి సేవ ఎందుకు అని కొందరు అడుగుదురు. 2020 లెక్కలలో సంవత్సరము లోపు శిశుమరణములు దేశమున వేయికి 28. ఆంధ్రప్రదేశ్‌లో 24, తెలంగాణలో 21. దేశములోని ఆ 28లో 20 మొదటి నెలలోనివే. బిడ్డ ఆసుపత్రిలో పుట్టును, కొలది దినములలో ఇంటికి వచ్చును. మిగిలిన నెలంతయు ఇంటిలోనే గడచును. అక్కడ పాత పెద్దరికములు అట్లే ఉన్నవి.

సర్కారు ఈ పద్ధతిని తీసికొన్నపుడు పాదములను తీసికొన్నది గాని చేతులను తీసికొనలేదని నాకు తోచును. ఆశా ఇంటికి పోవలెను, చూడవలెను, చెప్పవలెను. సూది మాత్రము వేయరాదు. 2014లో, ఆసుపత్రికి చేర్చలేని పరిస్థితులలో జెంటామైసిన్ ఇచ్చు అధికారమును ఏ.ఎన్.ఎం. వరకు దింపినారు. అది మంచి పనియే. గడ్చిరోలిలో అంతకు పద్దెనిమిదేండ్ల ముందే ఇంకొక మెట్టు దిగినారు. నియమము వ్రాసినపుడు ఆరు సందర్శనములకును కలిపి ఆశాకు నిర్ణయించిన ప్రతిఫలము 250 రూపాయలు. బాధ్యతను పంచునపుడు మనకు గల ఔదార్యము, అధికారమును, జీతమును పంచునపుడు కనిపించదు.

కాన్పు గదిలోని సంగతి ఇంకొకటి. అదే సర్వేలో తెలంగాణమున నూటికి 60కి పైగా కాన్పులు కత్తితో జరిగినట్లు తేలినది. అక్కడ అధికారమంతయు ఒక్కచోట చేరినందువలన కలిగిన ఫలములలో అది యొకటి అని నా అభిప్రాయము. 2017లో తెలంగాణ ప్రభుత్వము, యునిసెఫ్, హైదరాబాదులోని ఫెర్నాండెజ్ ఆసుపత్రి కలిసి సర్కారు నర్సులకు మిడ్‌వైఫరీలో ప్రత్యేక శిక్షణ ప్రారంభించినవి. సాధారణ కాన్పును నర్సు నడుపవలెను, చిక్కు వచ్చినపుడు వైద్యుడు రావలెను అని దాని సూత్రము. వైద్యులు ఎంతమంది మనస్ఫూర్తిగా ప్రక్కకు జరుగుదురో దాని మీద అది నిలుచును.

మొన్న వేసవిలో ధ్వనిముద్రణ కొరకు గోదావరి ఒడ్డున ఒక పల్లెకు ఆశాతో కలిసి పోయినాను. ఏడవ దినపు సందర్శనము. నులక మంచము మీద తల్లి, ప్రక్కన బిడ్డ, గడప వద్ద అత్తగారు. ఆశా చేతులు కడుగుకొని వచ్చి కూర్చున్నది. "పాలు మంచిగ తాగుతున్నడా చెల్లె?" అని అడిగినది. "మంచిగనే తాగుతుండు, ఎండకు జర సుస్తున్నడు గంతే" అని అత్తగారు జవాబు చెప్పినది. ఆశా అటు తిరుగలేదు. "ఆమెను చెప్పనియ్యి అవ్వా" అన్నది.

ముద్రణలో ఆ మాట తరువాత పదిపన్నెండు క్షణములు నిశ్శబ్దము ఉన్నది. కోడి కూత తప్ప మరేమియు వినిపించదు. ఆ తరువాత తల్లి గొంతు, మెల్లగా: "నిన్నటి లెక్క తాగుతలేడు." ఆశా థర్మామీటరు తీసి బిడ్డ చంకలో ఉంచినది. 99 దాటినది. ఆమె ఏ.ఎన్.ఎం.కు ఫోను చేసినది, 108 వాహనమును పిలిచినది. సంచిలోని తెల్లకాగితము తీసి బిడ్డ పుట్టిన తేదీ, బరువు వ్రాసి తల్లి చేతికి ఇచ్చినది. వాహనము వచ్చు లోపల అత్తగారే బిడ్డను పొత్తిళ్ళలో చుట్టినది. పదునొకండవ నాటికి బిడ్డను తిరిగి ఇంటికి తెచ్చుకొన్నారు.

కార్యక్రమమును సిద్ధము చేయునపుడు, ఆ నిశ్శబ్దమును తీసివేయవచ్చునా అని మా ఇంజనీరు అడిగినారు. అంత ఖాళీ ప్రసారములో దోషమగును. ఉంచుదమని చెప్పినాను. వచ్చే వారము స్త్రీల కార్యక్రమములో అది ఉన్నది ఉన్నట్లే వినిపించును.